ఏడు శాతం తేడా

ఉదయం తొమ్మిదీ పది. కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో ఎత్తు కుర్చీలో కూర్చుని నల్లకోటు మనిషి గోడ మీది అక్షరాలు చదువుతున్నాడు. పై వరుస గడగడా చదివేశాడు. రెండోది, మూడోది కూడా. నాలుగో వరుస మధ్యలో ఆగిపోయాడు. అక్షరం కనబడక కాదు. ప్రాణం పోయింది.

రెండు నిమిషాల క్రితం అతని కంట్లో చుక్కల మందు వేసిన తెల్లకోటు డాక్టరమ్మ ఏమాత్రం కంగారు పడలేదు. కోటు జేబులు నాలుగూ వెతికింది. ప్యాంటు జేబులు వెతికింది. బూట్లు విప్పి మడమలు తట్టి చూసింది. ఏమీ దొరకలేదు. ఇంతలో ముందు తలుపు గంట గణగణమంది. ఎవరో కస్టమర్. డాక్టరమ్మ తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించి, వెనక తలుపు తీసుకుని తాపీగా వెళ్ళిపోయింది.

ఆమె వెతికింది చచ్చినవాడి ఎడమ గుప్పెట్లోనే ఉంది. కాంటాక్ట్ లెన్సులు దాచుకునే చిన్న ప్లాస్టిక్ డబ్బా. కళ్ళ షాపులో లెన్స్ డబ్బాని ఎవరు పట్టించుకుంటారు?

*

పదకొండింటికి తుప్పు అనే మనిషి లాండ్రీ మెట్లెక్కాడు.

అతని అసలు పేరు ఒక ఫైల్లో ఉంది. ఆ ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ తుప్పు అనే పిలుస్తారు. చప్పుడు లేకుండా ఎక్కడికైనా పాకుతాడు, వచ్చాడని తెలిసేసరికి తలుపు ఊడి చేతికొస్తుంది. మనిషిని చూస్తే మాత్రం రెండోసారి చూడాలనిపించదు. సీక్రెట్ ఏజెంట్‌కి అంతకన్నా పెద్ద క్వాలిఫికేషన్ లేదు.

కౌంటర్ దగ్గర ఇస్త్రీ బట్టలు మడతపెడుతున్న ఆవిడ తలెత్తకుండానే అడిగింది. "ఏం మరక?"

"ఆకాశం మరక."

"కాలర్ మీదా, కఫ్ మీదా?"

"కంటి మీద."

ఆవిడ బల్ల కింద మీట నొక్కింది. వేలాడుతున్న కోట్ల వరుస పక్కకి జరిగింది. వెనక ఇనుప తలుపు. ఆ తలుపు వెనక బాస్.

బాస్ గుండ్రటి మనిషి. బూడిదరంగు కోటు, దానికి అయిదు అల్యూమినియం బటన్లు. నాలుగో బటన్ దారం వదులై, ఎప్పుడు ఊడిపడదామా అన్నట్టు వేలాడుతోంది. ఆయన లెన్స్ డబ్బా కుడి మూత తిప్పి ముందుకి తోశాడు. లోపల చిటికెనవేలి గోరంత లోహపు బిళ్ళ. మెరుపూ లేదు, నునుపూ లేదు. ఒట్టి గరుకు.

"ఏంటి సర్ ఇది?"

"మన కంటిచూపు" అన్నాడు బాస్. "పది రోజుల్లో పైకెళ్ళే శాటిలైట్‌లో ఒక కెమెరా ఉంది. కాపలా కన్ను అంటాం. శత్రువు మిసైల్ వదిలితే దాంతోపాటు పది డమ్మీలు కూడా వదుల్తాడు. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా మెరుస్తాయి. కానీ ఏ లోహం ఎంత గరుగ్గా ఉంటే వెలుగు ఎటు ఎంత చెదురుతుందో లెక్కకట్టే మోడల్ ఒకటి మన ల్యాబ్‌లో తయారైంది. దాంతో ఆ కన్ను మెరుపుని చూసి ఇది మిసైల్, ఇది డమ్మీ అని చెప్పేస్తుంది. రోజుకోసారి ఈ బిళ్ళ వంక చూసి తన చూపు సరిచేసుకుంటుంది. తూకానికి రాయి ఎలాగో దానికిది అలాగ."

"మరి పైకెళ్ళాల్సింది మీ బల్ల మీద ఎందుకుంది?"

"అదే నన్ను తినేస్తోంది. ల్యాబ్‌లో కన్ను పెట్టెలో ఇలాంటిదే ఒక బిళ్ళ ఉంది. ఇక్కడొకటి. రెంట్లో ఒకటి నకిలీ. నకిలీది కింద ఉన్నన్నాళ్ళూ అసలుదానిలాగే ఉంటుంది. పైకెళ్ళాక ఎండ దెబ్బకి నెల తిరక్కుండా నల్లబడుతుంది. దాంతో కన్ను లెక్కలన్నీ తారుమారు. మిసైల్ వస్తుంటే డమ్మీలే అనుకుని ఊరుకుంటుంది."

"ఇదంతా ఎవరు చెప్పారు?"

"నల్లకోటు వాడు. విదేశీ ముఠా కొరియర్. పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేసి లొంగిపోతానన్నాడు. నకిలీని పెట్టెలో పెట్టేశారు, అసలుది నా దగ్గరుంది అన్నాడు. తొమ్మిదీ పదికి చచ్చిపోయాడు." బాస్ గొంతు తగ్గించాడు. "నిజమే చెప్పాడో, నకిలీని మన చేతులతోనే లోపల పెట్టించడానికి ముఠా ఆడించిన నాటకమో."

"నాటకం కోసం ప్రాణం ఇస్తాడా సర్?"

"ఆ సంగతి అతనికి చెప్పి ఉండరు."

తుప్పు బిళ్ళ వంక చూశాడు. "గీరి చూస్తే తెలిసిపోదా?"

"గీరితే అసలుది కూడా చెత్తబుట్టలోకే. సాయంత్రం నాలుగింటికి పెట్టెకి వెల్డింగ్. ఆ తర్వాత తెరవడం ఎవరి తరమూ కాదు. వాయిదా వేస్తే రాకెట్‌కి మళ్ళీ వరుస వచ్చేది ఆర్నెల్లకి. ముఠాకి అదీ సంతోషమే." బాస్ రెండు వేళ్ళు చూపించాడు. "ఏది అసలో చెప్పగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకడు సూది మాస్టర్. బిళ్ళ మీద సన్నటి సూదిని నడిపించి, ఎత్తుపల్లాలన్నీ కొలిచి ఫైలు చేసినవాడు. రెండో మనిషి ఆ ఫైల్లోంచి వెలుగు లెక్కలు కట్టిన మోడలర్. ఈ ఇద్దరిలో ఒకరు దొంగ. ఇదిగో, పొద్దున ఏడింటికి మోడలర్ పంపిన మెసేజ్."

కాగితం మీద ఒకే లైను. 'ఎట్టకేలకి సరిపోయింది. ఇక దాచాల్సిందేమీ లేదు.'

మెసేజ్ ఏ నంబర్ నుంచి వెళ్ళిందో తుప్పు చూశాడు. ఆ నంబర్ నుంచి అతనికి వారానికి నాలుగుసార్లు తిట్లు వస్తాయి.

"మా అక్క" అన్నాడు.

"తెలుసు. అందుకే నిన్ను పిలిచా. నాలుగింటికి ఎవరో ఒకరి చేతికి బేడీలు పడాలి. నువ్వు ఇంకో మనిషిని పట్టుకురాకపోతే అవి మీ అక్కకే."

గోడవతల వాషింగ్ మెషీన్ ఒకటి గిరగిరా తిరిగి ఆగింది.

"ల్యాబ్‌లో మన మనిషి ఒకావిడ ఉంటుంది" అన్నాడు బాస్. "శాటిలైట్ ఇన్సూరెన్స్ సర్వేయర్ వేషం. మెరుపు అంటాం. ముఠాలో చేరి మనకి వార్తలు పంపుతుంది. వాళ్ళు ఆమెని తమ మనిషే అనుకుంటున్నారు."

"మనమూ అలాగే అనుకుంటున్నాం. ఇద్దర్లో ఎవరు పొరబడ్డారు?"

"చూసి చెప్పు. బిళ్ళ దొరికిందని మాత్రమే ఆమెకి చెప్పా. ఎక్కడ, ఎలా అన్నది చెప్పలేదు." బాస్ లెన్స్ డబ్బా మూత బిగించి అతని చేతికిచ్చి, డ్రాయర్లోంచి బాల్‌పెన్ తీసిచ్చాడు. "ఒకసారి నొక్కితే రాస్తుంది. రెండుసార్లు నొక్కితే లేజర్."

"మూడుసార్లు నొక్కితే?"

"ఇంకు చిమ్ముతుంది. అది ఫీచర్ కాదు, రిపేర్. రెండు చొక్కాలు పోయాయి నావి."

*

దారిలో తుప్పు ఇంకో లెన్స్ డబ్బా కొన్నాడు. ముఖ్యమైన వస్తువు ఏది చేతికొచ్చినా దానికొక జత కొనడం అతని అలవాటు. ఒంటిగంటన్నరకి ల్యాబ్ గేటు దాటుతున్నప్పుడు అతను ఫైర్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్. ఖాకీ చొక్కా, చంకలో రిజిస్టరు, ముక్కు కింద గుబురు మీసం. సెక్యూరిటీవాడు సెల్యూట్ కూడా కొట్టాడు.

మోడలర్ గది తలుపు తీస్తే లోపల గోడలు, సీలింగు, నేల, అన్నీ నల్లరంగే. ఏ మూల నుంచీ వెలుగు దొంగతనంగా రాకూడదని. మధ్యలో చిన్న స్టాండు. దాని చుట్టూ తిరిగే పొడవాటి లోహపు చెయ్యి, చెయ్యి చివర లైట్ మీటర్. ఆ పక్కన అక్క, ఏదో కూనిరాగం తీస్తూ చాక్లెట్ కాగితం విప్పుతోంది.

"సిలిండర్ ఎక్స్‌పైరీ చూడాలి మేడమ్" అన్నాడు తుప్పు, గొంతు బొంగురు చేసి.

అక్క ఒక్క చూపు చూసింది. "మీసం తియ్యరా."

"మేడమ్?"

"నైలాన్. వెంట్రుక ఒక వైపు నుంచి ఒకలా, ఇంకో వైపు నుంచి ఇంకోలా మెరుస్తుంది. ఇది ఎటు చూసినా స్టీలు చెంచాలా మెరుస్తోంది. వాక్యూమ్ క్లీనర్ల ఉద్యోగం పోయిందా?"

పదకొండేళ్ళుగా ఇంట్లోవాళ్ళ లెక్కలో తుప్పు ఇంటింటికీ తిరిగి వాక్యూమ్ క్లీనర్లు అమ్ముకునేవాడు. ఎనిమిది దేశాల గూఢచారులు కనిపెట్టలేని మీసాన్ని అక్క రెండు సెకన్లలో పీకేసింది.

"పోలేదక్కా. ఇది పార్ట్‌టైమ్."

"మీసమెందుకు మరి?"

"యూనిఫామ్‌లో భాగం."

"ఖర్మ. ఇంద, చాక్లెట్ తిను."

తుప్పు చాక్లెట్ నోట్లో వేసుకుని అక్క మొహమే చూస్తున్నాడు. రెండేళ్ళుగా ఈమె ఫోన్‌లో తిట్టడం తప్ప నవ్విన గుర్తు లేదు. ఇవాళ కూనిరాగం. ఇవాళ చాక్లెట్లు. పెట్టెకి వెల్డింగ్ పడే రోజే.

"ఏంటక్కా, ఇంత హుషారు?"

"సరిపోయిందిరా. నా మోడల్ నూరు అని చెప్పింది, బిళ్ళ మీద కొలిస్తే అచ్చంగా నూరు వచ్చింది. నీకేం అర్థమవుతుందిలే." అంటూనే బల్ల మీదున్న నీలం నోట్‌బుక్‌ని మామూలుగా తీసినట్టు తీసి డ్రాయర్లో పడేసి తాళం వేసింది.

మామూలుగా తీసినట్టు తియ్యడం ఎలాగో తుప్పుకి తెలుసు. రోజూ చేసే పని.

*

పక్కగదిలో సూది మాస్టర్ ఎంతో మర్యాదగా కుర్చీ వేశాడు. సన్నటి మనిషి, పదునైన ముక్కు, గోళ్ళు కూడా స్కేలు పెట్టి కత్తిరించినట్టున్నాయి.

"సిలిండర్ బానే ఉంది సార్. మీరు మా సూదిని చూడలేదు కదా" అన్నాడు, అడక్కుండానే. "మొన వెంట్రుకలో పదో వంతు. అలా పాకుతూ పోతుంది. గుంట ఉంటే దిగుతుంది, గుట్ట ఉంటే ఎక్కుతుంది. పక్కగది మేడం వెలుగంటుంది, లెక్కలంటుంది. వెలుగుని నమ్మకండి సార్. చూసేవాడిని బట్టి మాట మారుస్తుంది. నా సూది ముట్టుకుని చెప్తుంది. అది చూడని గుంట లోకంలో లేదు."

"మేడం ఎలాంటి మనిషి?"

సూది మాస్టర్ కాసేపు ఆలోచించి, చెప్పడం ఇష్టం లేనట్టు చెప్పాడు. "మంచావిడే. కాకపోతే ఈమధ్య ఏదో దాస్తున్నట్టుంటుంది. మనకెందుకులెండి."

మనకెందుకులెండి అంటూ చెప్పేవాళ్ళని తుప్పు ఎప్పుడూ అనుమానిస్తాడు. కానీ అతను చెప్పింది నిజం. అక్క ఏదో దాస్తోంది.

కారిడార్లో హైహీల్స్ చప్పుడు. వెండిరంగు సూటు, మెడకి సన్నటి పట్టు స్కార్ఫు, చేతిలో లెదర్ ఫోల్డరు. ఆమె నడిచొస్తుంటే ట్యూబులైట్లన్నీ ఆమె కోసమే పెట్టినట్టున్నాయి. వాటర్ కూలర్ దగ్గర ఆగి గ్లాసు నింపుకుంది.

"ఈ సిలిండర్ బరువెంత ఇన్‌స్పెక్టర్ గారూ?"

"మంటని బట్టి."

కోడ్ సరిపోయింది. మెరుపు నీళ్ళు తాగుతున్నట్టు గ్లాసు పెదాలకి ఆనించి చెప్పింది. "మీ అక్కే. ఏడింటి మెసేజ్ ముఠాకి చేరడం నేను చూశా. పెట్టెలో ఉన్నదే అసలుది. కొరియర్ మోసుకొచ్చింది నకిలీ. దాన్ని నీ చేత లోపల పెట్టించాలని ప్లాన్. సారీ."

"రుజువు?"

"ఆ లెన్స్ డబ్బా ఇలా ఇవ్వు. మా టెక్నీషియన్ అరగంటలో తేల్చేస్తాడు."

తుప్పు మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. బిళ్ళ దొరికిందని బాస్ ఆమెకి చెప్పాడు. లెన్స్ డబ్బా సంగతి చెప్పలేదు. ఆ డబ్బా పొద్దున ఒకే ఒక్క చోట, ఒక శవం గుప్పెట్లో ఉంది. తెల్లకోటు వేసుకుని జేబులు వెతికి, బయటికెళ్ళాక గుప్పిట గుర్తొచ్చి నాలుక కరుచుకున్న మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

జేబులోంచి డబ్బా తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "మూత తియ్యకండి. దుమ్ము పడితే మీ టెక్నీషియన్ ఏడుస్తాడు."

ఆమె చెవి దగ్గర పెట్టుకుని చిన్నగా ఊపింది. లోపల లోహం టకటకమంది. నవ్వింది. ఆ నవ్వు చూసి ఎంతమంది ప్రాణాలు వదిలారో అనుకుంటూ తుప్పు కూడా నవ్వాడు. హైహీల్స్ పార్కింగ్ వైపు వెళ్ళిపోయాయి. గేట్ దగ్గర ఆమెని ఆపడం చిటికెలో పని. కానీ ఆమె దొరికిపోయిందని తెలిస్తే లోపలి దొంగ జాగ్రత్తపడతాడు. బిళ్ళ చేతికొచ్చిందని ముఠా ఇంకో రెండు గంటలు నిశ్చింతగా ఉండటమే మంచిది.

ఆమె హంతకురాలని తేలిపోయింది. అయినా ఏది అసలో తేలలేదు. అబద్ధాలకోరు అన్నీ అబద్ధాలే చెప్తే పని ఎంత తేలిక. ఈ లైన్లో వాళ్ళు పదింట తొమ్మిది నిజాలే చెప్తారు.

గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది.

*

తుప్పు నల్లగది తలుపు లోపలినుంచి గడియ పెట్టాడు. అసలు లెన్స్ డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "అక్కా, దీన్ని ఒకసారి కొలువు."

"ఇదెక్కడిది నీకు?"

"ఒక కస్టమర్ ఇచ్చాడు."

అక్క ఏదో తిట్టబోయి, మూత తీసి, ఆగిపోయింది. చిమటాతో అంచు పట్టుకుని బిళ్ళని స్టాండు మీద పెట్టింది. దీపం వెలిగింది. లోహపు చెయ్యి మెల్లగా చుట్టూ తిరిగింది. మీటర్ మీద అంకె నిలబడింది. తొంభై మూడు.

అక్క మొహంలో రక్తం లేదు.

"తప్పుడు బిళ్ళ" అంది. గొంతు ఆమెది కాదు. "నకిలీ. నూరు రావాలి."

"ఆ నీలం నోట్‌బుక్‌లో ఏముందక్కా?"

"నీకెందుకు?"

"బావకి కూడా చెప్పనిది ఏదో ఉంది."

అక్క స్టూలు మీద కూలబడింది. చేతిలో చిమటా ఇంకా అలాగే ఉంది. "నీకు చెప్తే మాత్రం ఎవరికి తెలుస్తుందిలే. వాక్యూమ్ క్లీనర్లు అమ్ముకునేవాడివి." తాళం తీసి నోట్‌బుక్ అతని ముందు పడేసింది.

తేదీలు. పక్కన అంకెలు. తొంభై మూడు. తొంభై మూడు. తొంభై మూడు. రెండేళ్ళ పాటు ఒకటే అంకె.

"మోడల్ నూరు అంటుంది. కొలిస్తే తొంభై మూడు. ఎక్కడ తప్పుందో తెలీలేదురా. నిద్రలో కూడా వెతికాను. పైవాళ్ళు రిపోర్ట్ రిపోర్ట్ అని పీకమీద కూర్చున్నారు. ప్రోగ్రామ్‌లో ఒక చిన్న లైను రాసి ఆ ఏడూ కలిపేశా. ఎవరికీ తెలీదు. సూది మాస్టర్‌కి కూడా. మధ్యలో బావకి చెప్పాను, ఏదో దాస్తున్నానని మాత్రం. ఏంటన్నది చెప్పలేదు. ఇవాళ పొద్దున చివరి చెకింగ్‌కి లాకర్లోంచి బిళ్ళ తీసి కొలిస్తే నూరు. అచ్చంగా నూరు. స్టాండు నిన్ననే శుభ్రం చేశారు, ఇన్నాళ్ళూ దాని మురికే కొంప ముంచిందేమో అనుకున్నా. ఆ లైను తీసి పారేశా. బావకి మెసేజ్ పెట్టా."

సరిపోయింది. ఇక దాచాల్సిందేమీ లేదు. తుప్పు పొద్దున్నుంచీ బిగపట్టిన ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి సగంలోనే ఆగిపోయింది.

"అక్కా, మా లైన్లో ఒక రూల్ ఉంది."

"వాక్యూమ్ క్లీనర్ల లైన్లోనా?"

"ఆ. మనిషి చెప్పే కథ అక్కడక్కడా అతుక్కోకపోతే అది నిజం అయ్యుంటుంది. నిజంగా జరిగినవాటికి మూలలు ఉంటాయి, కుట్లు విడిపోయి ఉంటాయి. నూటికి నూరు అతికిందంటే ముందే రాసిపెట్టుకున్న కథ. రెండేళ్ళు తొంభై మూడు చెప్పిన సాక్షి తెల్లారేసరికి నూరు చెప్పాడు. సాక్షి మనసు మార్చుకున్నాడా, సాక్షినే మార్చేశారా?"

అక్క చిమటా బల్ల మీద పెట్టింది.

"ఫైలు చూసి చేశారు" అంది మెల్లగా. "సూది ఫైలు ముందు పెట్టుకుని, అందులో ఉన్నట్టే చెక్కారు. అందుకే ఫైలుకి సరిపోయింది. అసలు బిళ్ళ ఎప్పుడూ ఫైలుకి సరిపోలేదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు." తమ్ముడి వంక చూసింది. "ఇది నిరూపించాలంటే ఏడు కలిపిన సంగతి అందరి ముందూ చెప్పాలి."

"చెప్పాలి."

"ఉద్యోగం పోతుందిరా."

"ఇద్దరం కలిసి వాక్యూమ్ క్లీనర్లు అమ్ముదాం. పద. మూడు నలభై."

*

క్లీన్‌రూమ్‌లో అందరూ ఒకేలా ఉంటారు. తల నుంచి కాలి దాకా తెల్ల సూటు, ముక్కుకి మాస్కు, కంటికి అద్దాలు. ఎవరు ఎవరో కళ్ళని చూసి పోల్చుకోవాలి. గాలి తలుపులు రెండు దాటి అక్కాతమ్ముళ్ళు లోపలికొచ్చేసరికి మూడు యాభై రెండు. కన్ను పెట్టె మూత సగం దించి ఉంది. వెల్డర్ టార్చి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పక్కన సూది మాస్టర్ అప్పుడే సంతకం పెట్టి కాగితం అక్క వైపు చాపాడు.

"మీ సంతకం ఒక్కటే మిగిలింది మేడం."

"పెట్టను. ముందు రెండు బిళ్ళలు కొలవాలి."

నల్లగుడ్డ పరిచారు. పెట్టెలోది ఒకవైపు, డబ్బాలోది ఒకవైపు. తుప్పు పెన్ను రెండుసార్లు నొక్కి అక్క చెప్పిన కోణంలో బిగించాడు. ఎర్రటి గీత పెట్టెలోని బిళ్ళ మీద పడింది. మీటర్: నూరు. రెండో బిళ్ళ మీద పడింది. మీటర్: తొంభై మూడు.

"అయితే ఇంకేం" అన్నాడు సూది మాస్టర్ శాంతంగా. "లెక్క ప్రకారం నూరు రావాలి. మీ రిపోర్టులన్నీ నూరే. పెట్టెలోది అసలు. వెల్డింగ్ కానివ్వండి."

"రిపోర్టుల్లో నేను ఏడు కలిపాను" అంది అక్క.

ఆమె నోట్‌బుక్ తెరిచి అందరికీ కనబడేలా పట్టుకుంది. క్లీన్‌రూమ్‌లోకి కాగితం తేకూడదు. ఆ సంగతి కూడా ఎవరికీ గుర్తురాలేదు. "రెండేళ్ళు. అసలు బిళ్ళ ఎప్పుడు కొలిచినా తొంభై మూడే. నా మోడల్‌లో తప్పుందని సిగ్గుపడి దాచాను. తప్పు..."

అక్కడ ఆగిపోయింది. కళ్ళద్దాల వెనక ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. తుప్పు ఆ చూపు ఎరుగును. చిన్నప్పుడు ఇంట్లో గడియారం ముక్కలు ముక్కలుగా విప్పి, మళ్ళీ బిగించి, అది నడిచిన రోజు చూశాడు.

"తప్పు మోడల్‌ది కాదు" అంది నెమ్మదిగా. "ఫైలు ప్రకారం చెక్కిన బిళ్ళకి నా మోడల్ అచ్చంగా సరిపోయింది. అంటే మోడల్ కరెక్ట్. ఫైలే తప్పు. మీ సూది మొన లావు మాస్టారూ. గరిటెతో సీసా అడుగు గోకినట్టు. సన్నటి పగుళ్ళలోకి దిగదు, పైపైనే దాటేసి అక్కడ గుంట లేదంటుంది. వెలుగు దిగుతుంది. దిగింది తిరిగి రాదు. ఆ పోయినదే ఏడు శాతం."

"నా సూది చూడని గుంట లేదు" అన్నాడు సూది మాస్టర్. మొదటిసారి అతని గొంతు పెరిగింది.

"అసలు బిళ్ళలో బోలెడున్నాయి. ఈ నకిలీ చేసినవాడెవడో వాటిని చెక్కడమే మర్చిపోయాడు. చేతకానివాడు."

"చేతకానివాడా? ఫైల్లో ఉన్న ప్రతి గుంటా, ప్రతి గుట్టా పొల్లుపోకుండా చెక్కించాను. ఒక్కటి తేడా ఉంటే..."

ఆగాడు. ఆలస్యమైపోయింది.

మూడు యాభై తొమ్మిది. సూది మాస్టర్ చెయ్యి నల్లగుడ్డ మీదికి దూసుకెళ్ళింది. తొంభై మూడు బిళ్ళ మీదికి. గట్టిగా ఒక గీత పడితే చాలు, అసలుది చెత్తబుట్టలోకే. తుప్పు స్టాండులోంచి పెన్ను లాగి మూడుసార్లు నొక్కాడు. బాస్ రిపేరు చేయించని ఇంకు సూది మాస్టర్ కళ్ళద్దాలనిండా చిమ్మింది. గుడ్డివాడిలా తడుముకుంటున్న చేతిని తుప్పు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. టెక్నీషియన్లందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. దొంగ దొరికినందుకు కాదు. క్లీన్‌రూమ్‌లో ఇంకు చుక్క పడినందుకు.

వెల్డర్ గడియారం చూసుకున్నాడు. "ఏ బిళ్ళ పెట్టాలో ఎవరైనా చెప్తారా? నాలుగూ పదికి నా బస్సు."

అక్క తొంభై మూడుని చిమటాతో ఎత్తి పెట్టెలో కూర్చోబెట్టింది. నూరుని లెన్స్ డబ్బాలో వేసి మూత బిగించింది. సంతకం పెట్టింది. వెల్డింగ్ వెలుగు నీలంగా లేచింది. సరిగ్గా నాలుగు.

ఆ తర్వాత ఆమె తమ్ముడి వైపు తిరిగింది. సూది మాస్టర్ చేతులు ఇంకా అతని పట్టులోనే ఉన్నాయి.

"వాక్యూమ్ క్లీనర్ల కంపెనీలో ఇవి కూడా నేర్పిస్తారా?"

"ట్రైనింగ్ బానే ఉంటుందక్కా."

"అమ్మకి చెప్పనులే" అంది అక్క.

*

మూడు వారాల తర్వాత లాండ్రీ వెనక గదిలో బాస్ కోటు వేసుకుంటూ ఆగాడు. శాటిలైట్ పైన క్షేమంగా తిరుగుతోంది. కాపలా కన్ను రోజూ బిళ్ళని చూసుకుంటోంది.

"ఇక్కడ నాలుగో బటన్ ఉండాలి" అన్నాడు.

"శత్రు దేశంలో ఉంది సర్. మెరుపు స్వయంగా మోసుకెళ్ళింది."

బాస్ ఒక్క క్షణం ఆలోచించాడు. పెదాల చివర్లు కదిలాయి. "డబ్బా తెరిచారట. అప్పట్నుంచీ ఆమె కోసం వాళ్ళు వెతుకుతున్నారు, మనమూ వెతుకుతున్నాం. దాక్కోవడానికి ఒక్క కళ్ళజోళ్ళ షాపు కూడా మిగల్లేదు. మీ అక్క సంగతేంటి?"

"ఉద్యోగం పోలేదు. ఏడు కలిపినందుకు మెమో ఇచ్చారు. తేడా ఎందుకొచ్చిందో కనిపెట్టినందుకు ప్రమోషన్ ఇచ్చారు. రెండూ ఒకే కవర్లో పంపారు. ఇప్పుడు మోడల్ గురించి పెద్ద పేపర్ రాస్తోంది."

"ఆ నకిలీ బిళ్ళ?"

"తిరిగివ్వదట. ఫైలుకి పొల్లుపోకుండా సరిపోయే బిళ్ళ చెయ్యడం ఏ ల్యాబ్ వల్లా కాలేదంట. మోడల్ కరెక్టని నిరూపించేది అదొక్కటే." తుప్పు జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. పేపర్ చివరి పేజీ. బావకీ, అమ్మకీ, ఒక వాక్యూమ్ క్లీనర్ల సేల్స్‌మన్‌కీ కృతజ్ఞతలు చెప్పాక, కింద అక్క ఇంకో వాక్యం రాసింది.

'ఈ పరిశోధనకి అత్యంత కచ్చితమైన శాంపిల్‌ని ఎంతో శ్రమపడి, అడక్కుండానే తయారుచేసి ఇచ్చిన, పేరు చెప్పుకోవడం ఇష్టంలేని ఒక విదేశీ సంస్థకి ప్రత్యేక ధన్యవాదాలు.'